మూడో ఏడాది కుర్చీలు

ఉన్నత విద్యా కమిషన్ ఆఫీసు,
నాలుగో అంతస్తు,
జనవరి 9

గడియారం గారికి,

నీ వదిన రాస్తున్నది. ఈ ఉత్తరం గురువారం మీ యూనివర్సిటీకి వెళ్ళే ఆఫీసు తపాలా సంచిలో, రెండు సర్క్యులర్ల మధ్య దాక్కుని వస్తుంది. ఫోన్ చేద్దామంటే మీ అన్నయ్య పక్కనే కూర్చుని అది అడుగు, ఇది చెప్పు అని నా ప్రాణం తీస్తాడు. అందుకని ఇకమీద మన కబుర్లన్నీ సంచిలోనే.

విషయానికొస్తాను. నా కాళ్ళు నేల మీద ఆనడం లేదు. దేశం మొత్తానికి కొత్త డిగ్రీ తయారుచేసే పని మా కమిషన్ నెత్తిన పెట్టారని చెప్పాను కదా, దాని ముసాయిదా నిన్నటితో పూర్తయింది. పదిహేడు మంది ప్రొఫెసర్లు, మెంబర్ సెక్రటరీనని నేనూ, ఏడు నెలలపాటు వాదించుకుని, అలిగి, మళ్ళీ కలిసి ముప్పై ఒక్క నిబంధనలు రాశాం. ఇక పిల్లలు ఒకే శాఖలో మూడేళ్ళు మగ్గక్కర్లేదు. లెక్కలు చదివేవాడు సంగీతం తీసుకోవచ్చు. నర్సింగ్ చదివే పిల్ల చరిత్ర క్లాసులో కూర్చోవచ్చు. వీటన్నిటిలో నాకు ముద్దొచ్చేది పదకొండో నిబంధన. అది అచ్చంగా నా చేత్తో రాశాను. చదువు మధ్యలో ఆపేసినవాళ్ళు ఎప్పుడైనా తిరిగి రావచ్చు, చదివిందంతా లెక్కలోకి వస్తుంది, ఆగిన చోటునుంచే మొదలుపెట్టొచ్చు.

ముందు ఒక్క యూనివర్సిటీలో నడిపి చూపించాలి. ఎంచుకున్నది మీదే. నేను సిఫార్సు చెయ్యలేదు, ఒట్టు. నమూనా వారం ఒకటి గీసి పంపుతున్నాను, ఏ గంటకి ఏ క్లాసో అందులో ఉంది. ఇరవై రెండేళ్ళుగా టైమ్‌టేబుల్ వేస్తున్నదానివి, నువ్వు చూసి చెప్తేనే నాకు ధైర్యం. చదువంటే విసుగని రెండో ఏడుతోనే కాలేజీకి దండం పెట్టేసిన మనిషిని డిగ్రీ గురించి సలహా అడగాల్సి రావడం నా ఖర్మ, ఏం చేస్తాం. ఆడపడుచులా కాకుండా తోటి ఉద్యోగిలా చెప్పు.

నీ వదిన

*

టైమ్‌టేబుల్ విభాగం,
పరిపాలనా భవనం, మెట్ల కింద గది,
జనవరి 20

వదిన గారికి,

తోటి ఉద్యోగిలాగే చెప్తున్నాను. నీ నమూనా వారం నా గోడ మీద పెట్టి చూశాను. నా గోడ నీకు తెలుసుగా, సోమవారం నుంచి శనివారం దాకా గళ్ళు, గడికో మేకు, మేకుకో రంగు చీటీ. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి సాయంత్రం అయిదు దాకా మీరు రాసిన క్లాసులన్నీ తగిలించాను. ఒక్క మేకు ఖాళీ మిగల్లేదు. ఏదో తేడాగా ఉందనిపించి రెండు మూడుసార్లు చూశాను. అప్పుడు తట్టింది. మీ వారంలో భోజనం లేదు. పదిహేడు మంది ప్రొఫెసర్లు ఏడు నెలలు కూర్చుని దేశంలో పిల్లలందరికీ మూడేళ్ళపాటు మధ్యాహ్నం తిండి ఎగ్గొట్టారు.

ఇదొక్కటే కాదు, క్లాసు అయిపోయిన నిమిషమే రెండో క్లాసు మొదలైపోతుంది. పిల్లలు నడవరా? ఎగిరొస్తారా? మా దగ్గర సంగీతం గదులు ఒక చివర, లెక్కల భవనం ఇంకో చివర.

అయినా చెప్పొద్దూ, బాగుంది వదినా. ఇన్నేళ్ళూ నా కిటికీ దగ్గరికొచ్చి "నాకు మొదటి గంట వద్దమ్మా, శుక్రవారం వద్దమ్మా" అని బతిమాలే లెక్చరర్లని చూశానే కానీ, ఏ కోర్సు ఏ కోర్సుతో కలిస్తే ఏమవుతుందో ఎవరూ అడగడం చూడలేదు. మొదటిసారి నా గోడకి కాస్త పని తగిలింది.

ఇంకోటి. ఆ పదకొండో నిబంధనలో "ఎప్పుడైనా" అని రాశావు. ఎప్పుడైనా అంటే ఎన్నేళ్ళు? ఇరవై ఏళ్ళ కిందటిది కూడా పనికొస్తుందా? ఊరికే అడుగుతున్నాను. ఇక్కడ ఎవరో అడిగారు.

నీ ఆడపడుచు

*

కమిషన్ ఆఫీసు,
ఫిబ్రవరి 6

బంగారు గడియారానికి,

నీ ఉత్తరంలో భోజనం ముక్క మీటింగులో పైకి చదివాను. మా అధ్యక్షుడు గోడ గడియారం వంక చూశాడు. ఒంటిగంట నలభై. పొద్దుట్నుంచీ ఎవరం లేవలేదు. ఆయన ఫైలు మూసి, ముందు తినొద్దాం పదండి అన్నాడు. పదిహేడు మందీ తప్పు చేసిన పిల్లల్లా లిఫ్టు దగ్గర నిలబడ్డారు. తిరిగొచ్చి పన్నెండున్నర నుంచి గంటసేపు అడ్డంగా గీత కొట్టేశాం. ఆ గీత నీదే.

నేనిప్పుడు కోర్సులు అల్లే పనిలో పడ్డాను. ఇంత సరదా పని జన్మలో చెయ్యలేదు. నీళ్ళ మీద ఒక డిగ్రీ అనుకో. నదీ ప్రవాహాల లెక్కలు, భూగర్భం, నీటి తగాదాల చట్టం, ఒక టర్మ్ మొత్తం ఊరికి నీళ్ళు పంచే కేంద్రంలో పని. అది ఏ ఒక్క శాఖదీ కాదు, అందుకే ఇన్నాళ్ళూ ఎవరూ పెట్టలేదు. ఇంజినీరింగ్ ఆయన, లా ఆవిడ ఒక బల్ల దగ్గర కూర్చుని ఒకళ్ళ సిలబస్ ఒకళ్ళు దిద్దుకుంటుంటే నాకు నవ్వూ వచ్చింది, ఆనందమూ వేసింది. ఇంటికెళ్ళి మీ అన్నయ్యకి అంతా చెప్తే, ఇన్నీ చదివి ఏం ఉద్యోగం చేస్తారు అన్నాడు. కూర కలిపే గరిటె చూపించాను, నోరు మూశాడు.

నీ ప్రశ్నకి జవాబు: ఎప్పుడైనా అంటే ఎప్పుడైనానే. ముప్పై ఏళ్ళదైనా సరే. చదివిన చదువు పాచిపోతుందా? ఎవరా అడిగింది? ఈ ఏడే దరఖాస్తు పెట్టుకోమని చెప్పు.

నీ వదిన

*

టైమ్‌టేబుల్ విభాగం,
మార్చి 3

వదినకి,

నవ్వకుండా చదువు. మొన్న ఆదివారం యూనివర్సిటీ మొత్తాన్నీ నడిపించాను.

నీ కోర్సుల్లో పిల్లలు ఎన్నుకోదగిన జతలు నాలుగు వందల పన్నెండు తేలాయి. గోడ చాలక పక్కగది గోడ కూడా ఆక్రమించాను, రికార్డుల గుమాస్తా నాతో మాటలు మానేశాడు. చీటీల మీద అన్నీ కుదిరాయి. కానీ కాళ్ళకి కుదురుతాయా? అందుకని ఆదివారం పూట గేటు కాపలా మనిషి నుంచి రిజిస్ట్రార్ దాకా అందరినీ బతిమాలి పిలిచి, తలా ఒక చీటీ చేతిలో పెట్టాను. మీరివాళ ఫలానా జత చదివే స్టూడెంటు, గంట కొట్టగానే తరవాతి గదికి నడవండి అన్నాను. మోకాలి నొప్పున్న భూగర్భ శాస్త్రం ప్రొఫెసర్‌కి లెక్కల భవనం నుంచి సంగీతం గదికి పద్నాలుగు నిమిషాలు పట్టింది. అందుకని క్లాసుకీ క్లాసుకీ మధ్య పదిహేను నిమిషాలు, ఖాయం. రిజిస్ట్రార్ మూడో గంటలో తప్పిపోయాడు. వెతగ్గా వెతగ్గా వృక్షశాస్త్రం సామాన్ల గదిలో దొరికాడు. ఈ గది ఉందని తొమ్మిదేళ్ళలో నాకెవరూ చెప్పలేదే అన్నాడు.

సాయంత్రానికి అందరం పచ్చికలో కూలబడ్డాం. నాలుగు వందల పన్నెండులో మూడు వందల తొంభై ఎనిమిది నడిచాయి. మిగతా పద్నాలుగు ఈ వారంలో సరిచేస్తాను. ఇంత సంతోషంగా ఎప్పుడున్నానో నాకే గుర్తులేదు. నీ డిగ్రీ నడుస్తుంది వదినా. కాగితం మీద కాదు, నిజంగా నడుస్తుంది. నేను చూశాను.

ఆ అడిగిన మనిషికి చెప్పాను. పాత మార్కుల కాగితాలు పెట్టెలోంచి తీసి, మడతలు పోవడానికి ఇస్త్రీ చేసి పెట్టుకుంది.

నీ ఆడపడుచు

*

కమిషన్ ఆఫీసు,
ఏప్రిల్ 10

నా బంగారుతల్లికి,

గెలిచాం. మా ముసాయిదాకి ఆమోదం ఇవ్వాల్సిన జాతీయ మండలి ప్రాథమికంగా ఒప్పుకుంది. నీ ఆదివారం నడక కథ చెప్పగానే సగంమంది మెత్తబడ్డారు. జూన్‌లో చివరి మీటింగు, అది లాంఛనమే. ఆగస్టులో మీ దగ్గర మొదలు. నాకు గెంతాలని ఉంది. నిజం చెప్పాలంటే లిఫ్టులో ఎవరూ లేనప్పుడు గెంతాను కూడా.

ఒక్క చిన్న విషయం దగ్గర సర్దుకోవాల్సొచ్చింది. మండలిలో ఒక పెద్దాయన ఉన్నారు, మాజీ వైస్ ఛాన్సలర్. ఆయన పదకొండో నిబంధన పట్టుకుని వదల్లేదు. చదువు మానేసి వెళ్ళినవాళ్ళు తిరిగొస్తే ఎక్కడ కూర్చోబెడతారు, ఉన్నవాళ్ళకే కుర్చీలు చాలడం లేదు అన్నారు. డిపార్ట్‌మెంట్లు పంపిన లెక్కలు తీసి చూస్తే నిజంగానే అన్ని క్లాసులూ నిండి ఉన్నాయి. అది తీసేస్తే మిగతా ముప్పైకీ చెయ్యెత్తుతానన్నారు. తీసేశాను. ముప్పై నిలబడ్డాయి కదా, ఆ ఒక్కటీ నాలుగైదేళ్ళ తరవాత చూద్దాం. అక్కడ అడిగిన ఆవిడెవరో పాపం ఇంకొన్నాళ్ళు ఆగాలని చెప్పు. ఆ పద్నాలుగు జతలూ కుదిరాయా?

నీ వదిన

*

టైమ్‌టేబుల్ విభాగం,
ఏప్రిల్ 17

మెంబర్ సెక్రటరీ గారికి,

తమరి పదో తేదీ లేఖ అందింది. మిగిలిన పద్నాలుగు జతలకూ వేళలు సర్దడమైనది. ప్రయోగశాలల జాబితా జతపరిచాను. పదకొండో నిబంధన సంగతి సంబంధిత వ్యక్తికి తెలియజేయడమైనది.

ఇట్లు,
టైమ్‌టేబుల్ సహాయకురాలు

*

ఇంటినుంచి,
ఏప్రిల్ 24

గడియారం,

ఏమే, నాకే "ఇట్లు" పెడతావా?

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చూపించాను. పని ఎక్కువై విసుగొచ్చుంటుంది, దానికి చిన్నప్పట్నుంచీ ఇంతే, చదువు మీద కూడా ఇలాగే విసిగిపోయి మానేసింది అన్నాడు. నేను వెళ్ళి నీ పాత ఉత్తరాలన్నీ తీసి మంచం మీద పరుచుకుని చదివాను. ఎవరో అడిగారు. ఇరవై ఏళ్ళ కిందటిది. మార్కుల కాగితాలు ఇస్త్రీ చేసింది. మూడుసార్లు చదివాక ఈ కాగితం ముందేసుకున్నాను.

ఇంట్లో మార్కుల కాగితాలకి ఇస్త్రీ చేసేంత శుభ్రం ఉన్నది ఒక్కదానికే. ఆ అడిగింది నువ్వేనా? ఉన్నదున్నట్టు చెప్పు. తిట్టాలనుంటే తిట్టు, కానీ మెంబర్ సెక్రటరీని కాదు, నన్ను తిట్టు.

నీ వదిన

*

టైమ్‌టేబుల్ విభాగం,
మే 2

వదినకి,

నేనే.

నాకు చదువంటే విసుగని నువ్వు కాపరానికొచ్చిన రోజునుంచీ వింటున్నావు. ఆ మాట పుట్టించింది నేనే కాబట్టి నిన్ననడానికి లేదు. జరిగింది ఇది. నేను స్టాటిస్టిక్స్‌లో రెండేళ్ళు పూర్తిచేశాను, రెండేళ్ళూ క్లాసులో మొదటిదాన్ని. ఆ వేసవిలో మా శాఖ మూసేశారు. చిన్న శాఖ, తొమ్మిది మందిమే ఉన్నాం. మూడో ఏడు ఇక్కడ జరగదు, కావాలంటే వేరే యూనివర్సిటీలో మొదటి ఏడాదినుంచి చదువుకోండి అని నోటీసు బోర్డుకి కాగితం అంటించారు. ఇక్కడ చదివింది అక్కడ పనికిరాదట. చదివినదాన్ని చదవలేదన్నారు వదినా. నాకు ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ మొదటి ఏడాదికి చచ్చినా వెళ్ళనన్నాను. నాన్న బాధపడతాడని, చదువంటే విసుగొచ్చిందని చెప్పాను. ఇదే యూనివర్సిటీలో గుమాస్తా పోస్టు ఖాళీ ఉంటే చేరిపోయాను. కొన్నేళ్ళకి మా శాఖ మళ్ళీ తెరిచారు, మమ్మల్ని మాత్రం చేరాలంటే మొదటి ఏడాదిలోనే చేరమన్నారు. ఇరవై రెండేళ్ళుగా అందరి మూడో ఏడాదికీ వేళలు నేనే వేస్తున్నాను.

జనవరిలో నీ పదకొండో నిబంధన చదివినప్పుడు తలుపు వేసుకుని ఏడ్చాను. ఏప్రిల్‌లో దాన్ని "చిన్న విషయం" అన్నావు. ఆ మాటకి నొచ్చుకున్నాను, చాలా నొచ్చుకున్నాను. పోనీ నా సంగతి తెలియదు, తప్పు లేదు. కానీ తెలియకపోయినా అది చిన్నది కాదు.

సరే, ఏడుపు అయింది, ఇక పనిలోకొస్తాను. కుర్చీలు లేవన్నాడా ఆ పెద్దాయన? డిపార్ట్‌మెంట్ల లెక్క చూశారా మీరు? ఆ లెక్క నేను ఒక్క ఏడు కూడా నమ్మలేదు. పెద్ద గది కావాలని ప్రతి డిపార్ట్‌మెంటూ వెళ్ళిపోయిన పిల్లల్ని కూడా కలిపి రాస్తుంది. అందుకే ప్రతి టర్మ్ మూడో వారంలో నేను గదిగదికీ వెళ్ళి తలుపు దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టి నా రిజిస్టర్లో రాసుకుంటాను. గది ఇవ్వడం నా పని కాబట్టి, అది నాకోసం రాసుకున్నది, ఎవరూ అడగలేదు. అరవై కుర్చీల గదిలో మొదటి ఏడు అరవై మంది ఉంటారు. రెండో ఏడు యాభై. మూడో ఏడు ముప్పై తొమ్మిది, నలభై. ఏ శాఖ తీసుకున్నా, ఏ ఏడు తీసుకున్నా ఇంచుమించు ఇంతే. మిగతా కుర్చీలు ఎవరివి వదినా? మధ్యలో ఆగిపోయినవాళ్ళవే. వాళ్ళకోసం కొత్తగా ఏమీ వెయ్యక్కర్లేదు. వాళ్ళ చోటు అలాగే ఉంది.

ఇరవై రెండు రిజిస్టర్లూ ఈ సంచిలో పంపుతున్నాను. సంచి మొయ్యలేక తపాలా మనిషి నన్ను తిట్టుకుంటూ వెళ్ళాడు. నాకోసం కాదని అబద్ధం చెప్పను. నాకోసమే. నాకు మూడో ఏడు చదవాలనుంది.

నీ ఆడపడుచు

*

కమిషన్ ఆఫీసు,
జూన్ 5

నా తల్లీ,

ముందు క్షమాపణ. అది చిన్న విషయం అని రాసిన చేత్తోనే రాస్తున్నాను, నాది తప్పు. ముప్పై నిలబెట్టానన్న మిడిసిపాటులో ఆ ఒక్కటీ ఎవరిదో ఆలోచించలేదు. ఇంటికెళ్ళి మీ అన్నయ్యకి కూడా అంతా చెప్పాను. లేచి వెళ్ళి బాల్కనీలో నిలబడ్డాడు. నీకు ఫోన్ చేస్తాడు, ఏడిస్తే నువ్వు వెక్కిరించకు.

ఇప్పుడు మీటింగు. లాంఛనం అనుకుని పది నిమిషాల్లో లేవడానికి వచ్చారందరూ. నేను నీ ఇరవై రెండు రిజిస్టర్లూ తెచ్చి బల్ల మీద వరసగా పేర్చాను. పదకొండో నిబంధన తిరిగి పెడుతున్నానన్నాను. మా అధ్యక్షుడు కళ్ళతోనే వద్దని సైగ చేశాడు. మొత్తం కూలుతుందని ఆయన భయం, నాకూ అదే భయం. అయినా చెప్పేశాను. డిపార్ట్‌మెంట్లు పంపిన లెక్క ఇది, తలుపు దగ్గర నిలబడి పెట్టిన లెక్క ఇది, రెండూ చూడండి అన్నాను.

పెద్దాయన ఒక రిజిస్టర్ లాక్కుని చూశారు. తరవాత ఇంకోటి. తరవాత కావాలని వెతికి అయిదు తీశారు. అవి ఆయన మీ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా ఉన్న అయిదేళ్ళవి. ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. వేలు పెట్టి ఒక్కో వరసా చదువుతూ పోయారు. అరగంట పట్టింది, ఎవరూ లేవలేదు. చివరికి కళ్ళజోడు తీసి ఒకటే అడిగారు.

"ఇంతమంది వెళ్ళిపోతుంటే నాకెవరూ చెప్పలేదేం?"

ఆమె ఇరవై రెండేళ్ళుగా రాస్తూనే ఉందండీ, మెట్ల కింద గదిలో ఉంటుంది అన్నాను. ఆయన చెయ్యెత్తారు. మిగతావాళ్ళు ఎత్తారు. ఒక్క మార్పు మాత్రం అడిగారు, ఆ క్లాసులో కుర్చీ ఖాళీగా ఉంటేనే చేర్చుకోవాలని. ఉందో లేదో డిపార్ట్‌మెంట్ని అడక్కూడదు, తలలు లెక్కపెట్టి చెప్పాలని కూడా రాయించారు. ముప్పై ఒకటీ పాసయ్యాయి. నేను ఈసారి లిఫ్టు దాకా ఆగలేదు, వరండాలోనే గెంతాను. ముగ్గురు ప్రొఫెసర్లు చూశారు, చూడనీ.

నీ దరఖాస్తు నువ్వే పెట్టుకో. నేను వేలు పెట్టను, ఫోన్ చెయ్యను. నీ మార్కులు నీకు చాలు.

నీ వదిన

*

లైబ్రరీ మెట్లు,
ఆగస్టు 4

వదినకి,

ఆఫీసు తెరవడానికి ఇంకా ముప్పావుగంట ఉంది, ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. ముందు ఒక నేరం ఒప్పుకోవాలి. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా నా గోడని సొంతానికి వాడుకోలేదు. ఈసారి మూడో ఏడాది స్టాటిస్టిక్స్‌ని పొద్దున ఎనిమిది గంటలకి పెట్టాను, నా డ్యూటీకి అడ్డం రాకుండా. కుర్ర లెక్చరర్ కిటికీ దగ్గరికొచ్చి మొరపెట్టుకున్నాడు. నేను కఠినంగా కుదరదన్నాను. మా పాత తొమ్మిది మందికీ ఉత్తరాలు రాశాను, ఇద్దరు వచ్చే టర్మ్‌కి దరఖాస్తు పెట్టారు.

ఇవాళ మొదటి రోజు. ఏడున్నరకే వచ్చి మైదానం చుట్టూ రెండుసార్లు తిరిగాను. లోపలికి వెళ్ళాలంటే భయమేసింది. నలభై రెండేళ్ళ మనిషికి అంత భయమేమిటో. లెక్చరర్ లోపలికి వెళ్ళాక ఎలాగో కాళ్ళు కదిపి తలుపు తోశాను.

నన్ను చూడగానే క్లాసంతా లేచి నిలబడింది. గౌరవంతో కాదులే. నేను క్లాసులోకి వచ్చానంటే గది మారిందని అర్థం. ముప్పై ఎనిమిది మందీ గబగబా పుస్తకాలు సర్దుకుని సంచులు భుజాన వేసుకున్నారు. లెక్చరర్ డస్టరు, చాక్‌పీసులు చేతిలోకి తీసుకుని, ఏ గదికి వెళ్ళాలి మేడమ్ అన్నాడు.

"ఎక్కడికీ కాదండీ. నేను కూడా ఈ క్లాసే."

ఆయనకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నేను వెళ్ళి మూడో వరసలో కూర్చున్నాను. వాళ్ళు ఒక్కొక్కరే సంచులు దించి కూర్చున్నారు. నా పక్కనున్న పిల్ల తన పుస్తకాలు జరిపి నాకు చోటిచ్చింది. లెక్చరర్ హాజరు పట్టీ తెరిచి పిలవడం మొదలుపెట్టాడు. నా పేరు అన్నిటికన్నా చివర వచ్చింది, కొత్తగా రాసి చేర్చినట్టున్నారు. ఆయన పిలిచాడు. పలకడం మరిచిపోయి లేచి నిలబడ్డాను. అందరూ తిరిగి చూస్తున్నారు. ఆయన తల పైకెత్తకుండా ఇంకోసారి పిలిచాడు.

పలికాను వదినా. బయటికి వినపడేంత గట్టిగా పలికాను.

నీ ఆడపడుచు,
మూడో సంవత్సరం, స్టాటిస్టిక్స్